తొమ్మిదో తరగతి ఎక్కడ చదివినవ్

ఆరు, ఏడు ఇక్కడ, పది ఇక్కడ, ఇంటర్ రెండేళ్లూ ఇక్కడ, మధ్యలో ఎనిమిది, తొమ్మిది మాత్రం అక్కడ, అనుకుంటూ భాగ్యశ్రీ ఇంకో రొట్టె కొడుతోంది, ఉడుకు నీళ్లు పోసి పిసికిన జొన్నపిండి చేతికి చురుక్కుమనాలి గాని ఎందుకో అనడం లేదు, ముద్ద పలచబడుతోంది, అంచులు పగలకుండా వేళ్లు వాటంతట అవే సర్దుకుంటున్నాయి, రొట్టెలు చేసేది ఆ వేళ్లే, తనకేం సంబంధం లేదన్నట్టు ఆమె మనసు నిన్న సాయంత్రం సోహెల్ భాయ్ నెట్ సెంటర్‌లోనే ఆగిపోయి ఉంది, ఎంసెట్ దరఖాస్తు, ఇప్పుడు పేరేదో మారిందట గాని జహీరాబాద్‌లో అందరూ ఎంసెట్ అనే అంటారు, పేరు, తండ్రి పేరు, ఇంటర్ హాల్‌టికెట్ నంబరు, ఫోటో, సంతకం, అన్నీ చకచకా నిండాయి, ఆరో తరగతి నుంచి ఏది ఎక్కడ చదివావో నింపే దగ్గర సోహెల్ భాయ్ చెయ్యి ఆగింది, ఎనిమిది ఎక్కడ చెల్లె అన్నాడు, హుమ్నాబాద్ దగ్గర అంది, తొమ్మిది, అది గూడ అక్కడనే, అరె అది కర్ణాటక కద అంటూ కుర్చీ వెనక్కి జరిపి, చూడు చెల్లె, తొమ్మిది, పది, ఇంటర్ రెండేండ్లు, ఈ నాలుగు వరుసగ ఇక్కడుంటెనే లోకల్ అయితవ్, ఎనిమిది పోతె పోనీ, తొమ్మిదొక్కటి ఇక్కడుంటె ఏ ఫికరు లేకుండె, నాన్ లోకల్ అంటే ఉన్న సీట్లల్ల ఒక మూల మాత్రమే నీది, జర మీ నాయినను సోంచాయించుమను, రేపే ఆఖరు తారీఖు అన్నాడు, సరే భాయ్ అని ఆమె లేచి వచ్చేసింది, ఏడుపు రాలేదు, కోపం రాలేదు, బస్టాండు ముందు చెరుకురసం బండి గజ్జెల చప్పుడు మాత్రం ఇంటిదాకా చెవుల్లో ఉంది, పెనం మీద రొట్టెకు తడిబట్ట అద్దుతుంటే వేలు పెనానికి తగిలింది, తగిలిందని చూశాకే తెలిసింది.

నాన్ లోకలా, నా బిడ్డనా, అని నాయిన నిన్న నవ్వాడు ముందు, జగదీశ్ బిడ్డ నాన్ లోకలా, పుట్టింది ఈడ, రేషన్ కార్డు ఈడ, ఓటు ఈడ, పొద్దున లేస్తే ఝరాసంగం దాకా నా ఆటోల ఎక్కేటోళ్లు దిగేటోళ్లు అందరు నన్ను పేరువెట్టి పిలుస్తరు, నడుమ రోడ్డు మీద ఒక బోర్డు పెట్టినంత మాత్రాన అవుతల వేరే దేశమా, అని, ఆ తర్వాత నవ్వు ఆపి ఫోను తీసుకుని బయటికి పోయాడు, ఆయన ఆటోలో రోజూ వచ్చిపోయే ఒక ప్రైవేటు బడి పెద్దాయన ఉన్నాడు, ఆ బడి పేరు కూడా భాగ్యకు సరిగా తెలియదు, ఈ పొద్దున చాయ్ వేళకల్లా ఆ బడి ముద్రతో కాగితం వచ్చింది, భాగ్యశ్రీ, తండ్రి జగదీశ్, ఎనిమిది, తొమ్మిది తరగతులు మా పాఠశాలలో చదివింది, నడవడి బాగుంది, అని, నడవడి బాగుంది అన్న మాట దగ్గర ఆమె కొంచెంసేపు ఆగింది, తను ఎప్పుడూ కాలు పెట్టని బడిలో తన నడవడి బాగుందట, అమ్మ ఆ కాగితాన్ని కవరులో పెట్టి ఫ్రిజ్ మీద ఉంచి పైన దువ్వెన బరువు పెట్టింది, ఇగ అయిపోయింది తియ్యి, మన పిల్ల మనకే ఉంటది, బీఎస్సీ అగ్రికల్చర్ సీటొస్తే ఆఫీసరైతది, అంది, అందరికీ నెమ్మది అయింది, భాగ్యకు కూడా అయిందేమో, ఏదీ తెలియనప్పుడు అది నెమ్మదేనేమో, ఎవరికీ అన్యాయం జరగడం లేదు కదా, రెండేళ్లను జరిపి ఇటు పెట్టారు, అంతే.

గడప దగ్గర చెప్పుల చప్పుడు, బారవ్వా, ఇట్ల రావే, ఎట్లున్నవ్, అన్న గొంతు, భాగ్య వంటింట్లోంచే గుర్తుపట్టింది, దొడ్డమ్మ, అమ్మ సొంత అక్క, పార్వతమ్మ, హుమ్నాబాద్ నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చినట్టుంది, భుజాన సంచి, ముఖం మీద ఎండ, అప్పుడు గుర్తొచ్చింది, రమ్మన్నది తనే, పోయిన వారం కాలేజీలో సారు ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లన్నీ తెచ్చుకోండి అంటే, దొడ్డమ్మా నా బడికి పోయి కాగితం తెస్తవా అని ఫోన్లో అడిగింది, ఆ తర్వాత నిన్న జరిగిందంతా జరిగింది గాని, ఇక తేవద్దు అని చెప్పాలన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాలేదు, తనకు వచ్చిందా, రాలేదనుకుంటే సుఖం, దొడ్డమ్మ సంచిలోంచి ముందు హోళిగల డబ్బా తీసింది, పల్లీలు, బెల్లం దంచి చేసే శేంగా హోళిగలు, నీకిష్టం గద అని, తర్వాత పాత క్యాలెండర్ అట్టల మధ్య మడతపడకుండా పెట్టిన కాగితం తీసింది, మొదటిరోజు పోతే హెడ్‌మాస్టర్ లేడు, మళ్ల పోయిన, పాత రిజిస్టరు దొరకదన్నడు, ఆడనే బెంచీ మీద కూసున్న, దొరికేదాక లేవనంటి, పిల్లకు ఎంత మంచి మార్కులు అని ఆయనే అన్నడు, మన భాగ్యను ఇంకా యాదుంచుకున్నడు, అని చెప్తూ కాగితాన్ని రెండు చేతులతో అమ్మకు ఇవ్వబోయింది, అమ్మ అందుకోలేదు, అక్కా కాళ్లు కడుక్కో, రొట్టె తిందువు, అంది.

అవసరం లేదు వదినా, మేం సెట్ చేసినం, అన్నాడు నాయిన, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, ఆయనది చెడ్డ గొంతు కాదు, ఆటో ఎక్కే ముసలివాళ్లను మెల్లగ అవ్వా మెల్లగ అని ఎక్కించే గొంతే, లోకల్, నాన్ లోకల్ అంతా చెప్పాడు, దొడ్డమ్మ విన్నది, అయితే ఈ కాగితం చూపెడితే పిల్లకు సీటు రాదా అని అడిగింది, రావచ్చు గాని కష్టం వదినా, ర్యాంకు మస్తు రావాలె, అందుకని ఈ రెండేండ్లు భాగ్య ఈడనే ఉన్నట్టు రాస్తున్నం, అన్నాడు, ఆ మాటకు దొడ్డమ్మ చేతిలోని కాగితాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక మళ్లీ క్యాలెండర్ అట్టల మధ్యకే జరుపుతుంటే, మంచం మీద కూర్చున్న నాయినమ్మ శివమ్మ అందుకుంది, ఏం పార్వతమ్మా, నేను అప్పుడే చెప్పలే, ఎనిమిది కాంగనే తోలియ్యమంటి, నువ్వు ఇంకొక్క ఏడాది, ఇంకొక్క ఏడాది అని పిల్లను వట్టుకుంటివి, ఆ ఒక్క ఏడాదే ఇయ్యాల గొంతుకు తట్టుకున్నది, నీకు తోడైంది గని దానికి సీటు పోవట్టె, అంది, ఊకోయే అని నాయిన తల్లిని కసిరాడు గాని అబద్ధమని మాత్రం అనలేదు, అమ్మ పొయ్యి దగ్గరికి వచ్చి భాగ్య పక్కన నిలబడి, చేసిన రొట్టెలనే మళ్లీ ఒకదానిమీద ఒకటి సర్దింది, దొడ్డమ్మ, అవునత్తమ్మా, నాదే తప్పు, ఒక్కదాన్ని ఉండలేకపోయిన, అంది.

నాదే తప్పు, భాగ్య పెనం వైపు చూస్తోంది, రొట్టె ఉబ్బింది, తిప్పాలి, తిప్పలేదు, దొడ్డమ్మ భర్త దొడ్డప్ప గుండె ఆగి చనిపోయిన ఏడాది, దినాలు కాగానే నాయిన తనను ఆటోలో కూర్చోబెట్టాడు, దొడ్డమ్మ ఒక్కతే ఉన్నది, కొన్నొద్దులు తోడుండి రాపో అన్నాడు, పోతావా అని అడగలేదు, పుస్తకాల సంచి పెట్టుకున్నావా అని మాత్రం అడిగాడు, అక్కడ బడిలో అక్షరాలు తెలుగు లాగే ఉండి తెలుగు కాకుండా ఉండేవి, మొదటి నెల ఏమీ అర్థం కాలేదు, సాయంత్రం ఇంటికి వస్తే దొడ్డమ్మ వాకిట్లో కందిపప్పు చెరుగుతూ, ఏం తింటవ్ ఇయ్యాల, అని అడిగేది, రోజూ అడిగేది, ఆ ప్రశ్నకు ఏం చెప్పాలో తెలియడానికి చాలా రోజులు పట్టింది, ఇంట్లో ఎవరూ అట్లా అడిగి వండరు, వండింది తింటారు, ఒకరోజు పుంటికూర అంది, చేసింది, ఇంకోరోజు ఏమొద్దు అంది, సరే అని ఊరుకుంది, ఎనిమిదో తరగతి అయ్యాక ఎండాకాలం నాయిన తీసుకుపోవడానికి వచ్చి వాకిట్లో మంచం మీద చాయ్ తాగుతుంటే, భాగ్య లోపల నీళ్ల డ్రమ్ము చాటున దొడ్డమ్మ కొంగు పట్టుకుంది, ఇంకొక్క ఏడాది ఉంట దొడ్డమ్మా, నువ్వడుగు, నేనన్నట్టు చెప్పకు, నాయినకు కోపమొస్తది, అంది, దొడ్డమ్మ ఆమె ముఖంలోకి చూసి, చెంగుతో చెయ్యి తుడుచుకుని బయటికి పోయి, ఇంకొక్క ఏడాది ఉండనియ్యి జగదీశప్పా, ఇల్లు నన్ను మింగొస్తున్నది, అంది, ఎంత బాగా అంది, నిజంగా తనకే కావాలన్నట్టు, నాయిన కాదనలేకపోయాడు, తొమ్మిదో తరగతి కాగానే నాయినమ్మ కాలు విరిగింది, రొట్టెలు చేసే మనిషి కావాలి, అప్పుడూ ఎవరూ అడగలేదు, సంచి పెట్టుకున్నావా అన్నారు, పెట్టుకుంది.

మాడు వాసన వస్తున్నది, యాడున్నది నీ ద్యాస, అని అమ్మ చేతిలోంచి అట్లకాడ లాక్కుంది, రా ఇటు, మీ నాయిన పిలుస్తుండు, అంది, నాయిన ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు, ర్యాంకొచ్చినంక సర్టిఫికెట్లు చూసేటప్పుడు ఆఫీసర్లు ఏమన్న అడుగుతరు, నువ్వు తడబడొద్దు, ఇప్పుడు నేను ఆఫీసరు అనుకో, అన్నాడు, మంచిగున్నది, ఆఫీసరు లుంగీ మీదనే వచ్చిండు, అంది నాయినమ్మ, అమ్మ నవ్వింది, నాయిన కూడా నవ్వి లుంగీ మోకాళ్ల కిందికి సర్దుకుని గొంతు మార్చాడు, ఆఁ, నీ పేరేందమ్మా, భాగ్యశ్రీ సార్, పదోతరగతి ఎక్కడ చదివినవ్, జహీరాబాద్ సార్, తొమ్మిదో తరగతి, ఎదురుగా గోడకు ఆనుకుని దొడ్డమ్మ కూర్చుని ఉంది, సంచి ఒళ్లో పెట్టుకుని, తొమ్మిదో తరగతి ఎక్కడ చదివినవ్ అన్నాడు నాయిన మళ్లీ, ఇప్పుడు తను ఏదో ఒకటి అనాలి, అక్కడే అనవచ్చు, నేనే ఉంటానన్నాను అనవచ్చు, ఆ మాటలు దూరంగా, వేరే ఎవరి ఇంట్లోనో ఉన్న సామాన్లలా కనిపిస్తున్నాయి, లేచి పోయి తెచ్చుకోవాలంటే కాళ్లు కదలడం లేదు, భాగ్య నోరు తెరిచింది, కాగితం మీద ఉన్న ఆ బడి పేరు చెప్పింది, బస్టాండులో బస్సు నంబర్లు చెప్పే గొంతులా ఉంది తన గొంతు, తడబడలేదు, శెభాష్, అన్నాడు నాయిన, ఇంకోసారి, అన్నాడు, ఇంకోసారి చెప్పింది, రెండోసారి ఇంకా తేలికగా వచ్చింది, తేలికగా వచ్చినందుకు కూడా ఏమీ అనిపించలేదు, జల్ది తయారు గా, సోహెల్ దుకాణం తెరుస్తడు, అంటూ నాయిన లేచి అంగీ తొడుక్కోసాగాడు, అమ్మ ఫ్రిజ్ మీది కవరు అందుకుంది.

దొడ్డమ్మ కూర్చున్నచోటే ఉంది, భాగ్యను చూస్తోంది, ఆ చూపులో నిందిస్తున్నట్టు ఏమీ లేదు, బడి నుంచి వచ్చిన పిల్ల ముఖంలో ఆకలి ఉందా అలసట ఉందా అని చూసినట్టు చూస్తోంది, ఇప్పుడు చెప్తుందేమో, నేను వట్టుకోలేదత్తమ్మా, పిల్లే ఉంటనన్నది, అని ఒక్క మాట అంటే చాలు, నాయినమ్మ నోరు మూతపడుతుంది, చెప్తే బాగుండును అని భాగ్యకు అనిపించింది, నిన్నటి నుంచి ఏదైనా అనిపించడం అదే మొదలు, కాని దొడ్డమ్మ చెప్పడం లేదు, చెప్పకు అని డ్రమ్ము చాటున ఒక పిల్ల అడిగింది కాబట్టి ఇన్నేళ్లుగా చెప్పలేదు, ఇప్పుడు నెత్తిన తప్పు వేసుకుని కూడా చెప్పడం లేదు, పుట్టిన ఊరు, చదివిన బడి, బైపీసీ, ఈ ఎంసెట్, ఈ రొట్టెలు, అన్నీ ఎవరో ఒకరు ఇచ్చినవే, ఇస్తే పట్టుకున్నవే, ఇంతవరకూ తన నోటితో తను అడిగి తెచ్చుకున్నది ఆ ఒక్క తొమ్మిదో తరగతే, దాన్ని ఎవరూ లాక్కోలేదు, బడి పేరు చెప్పి తనే ఇచ్చేసింది, రెండుసార్లు, తడబడకుండా, అని తెలిసేసరికి దొడ్డమ్మ మోకాళ్ల మీద చెయ్యి ఆనించి లేచింది, సంచి భుజానికి తగిలించుకుంది, అక్కా రొట్టె తినిపోవే అని అమ్మ అంటున్నా, నేను దింపుత ఉండు వదినా అని నాయిన అంటున్నా వినిపించనట్టు, గడప దగ్గర వంగి చెప్పుల పట్టీ సరిచేసుకుని, ఎండలోకి దిగి, బస్టాండు వైపు వెళ్లిపోయింది.