పొట్టి దారం, పొడుగు దారం

మరిది చేతికి కత్తెర ఇస్తే కొంప మునిగినట్టేనని వదినకు పెళ్లయిన కొత్తలోనే తెలిసింది. కర్టెన్ ఒక మూల వేలాడుతోందని కత్తిరించాడు. రెండో మూల పొడుగైందని దాన్నీ కత్తిరించాడు. చివరికి కిటికీకి జేబురుమాలు మిగిలింది. అలాంటివాడు సర్జన్ అయ్యాడు. అతను కోసి పంపిన ముక్కల్ని పరీక్షించే డాక్టరు వదిన. ఒకే ఆసుపత్రిలో అతనిది పై అంతస్తు, ఆమెది కింద.

ఆ రోజు డబ్బాలో వచ్చింది డ్రైవింగ్ నేర్పే ఒకావిడ ఎడమ రొమ్ములోంచి తీసిన గడ్డ, దాని చుట్టూ కాస్త మంచి భాగం, ముందు వైపు చిన్న చర్మం. వైపులు తెలియడానికి సర్జన్ రెండు దారాలు కట్టి పంపాలి: తల వైపు పొట్టిది, చంక వైపు పొడుగుది. దాన్ని బట్టి వదిన ఒక్కో వైపుకూ ఒక్కో రంగు పూస్తుంది. ఏ రంగు దాకా క్యాన్సర్ పాకి ఉంటే ఒంట్లో ఆ వైపు మరికాస్త తీయాలి. వైపు తెలియకపోతే రొమ్ము మొత్తం పోవచ్చు. ఆవిడ ఆపరేషన్‌కు ముందు ఒకటే మాట చెప్పింది: "తీయాల్సివస్తే తీసేయండి. అంచనా మీద మాత్రం తీయొద్దు."

వదిన మూత తీసింది. దారాలు రెండూ సమానంగా ఉన్నాయి, వెంట్రుకవాసి తేడా లేదు. ఒళ్లు మండిపోయి ఫోన్ అందుకుంది.

మరిది పరుగున వచ్చాడు.

"పొట్టిది ఏది?"

"పొట్టిగా ఉన్నది."

"చూపించు."

చూశాడు. ముఖం పాలిపోయింది. "ఒకటి అలా వేలాడుతుంటే చూడలేకపోయాను వదినా. చెయ్యి దానంతటదే..."

"మీ అన్నయ్య మీసానికి పట్టిన గతే దీనికీ పట్టించావన్నమాట!"

"ఉండు, నా చేతులకి గుర్తుంటుంది." కళ్లు మూసుకుని గాల్లో కోశాడు, గాల్లో కుట్టాడు, గాల్లో ముడేశాడు. అంతా అయ్యాక ఆ గాలి దారాల్ని కూడా సమానంగా కత్తిరించాడు.

వదినకు ఏడుపొచ్చింది. "పడుకో!" అంది బల్ల చూపించి.

పడుకున్నాడు. అతని ఛాతీ మీద ప్లాస్టిక్ షీటు పరిచి, ఎడమ వైపున ముక్కను పెట్టింది. సరిగ్గా అప్పుడే సూపరింటెండెంట్ తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏం జరుగుతోందిక్కడ?"

"కాస్త పక్కకు జరగండి సార్, మీ నీడ పడుతోంది," అంది వదిన.

ఆయన చేతులు కట్టుకుని పక్కకు జరిగి నిలబడ్డాడు.

చర్మం పైకి ఉంచి, ఒక దారాన్ని మరిది తల వైపు పెట్టింది. రెండోది ఛాతీ నడుమకు, టై మీదికి పోయింది.

"చంక అక్కడ ఉండదుగా," అన్నాడు సూపరింటెండెంట్, అడక్కపోయినా.

ముక్కను తిప్పి రెండో దారాన్ని తల వైపు పెట్టింది. మొదటిది చక్కగా చంక వైపు చూసింది. ఇంకెలా పెట్టినా కుదరదు. చదువుకున్నవాళ్లు ఇద్దరూ పొడుగు కోసం కొట్టుకున్నారు గానీ, చర్మం పైకి ఉంచితే ఎడమ రొమ్ము మీద అవి ఒక్క తీరుగానే అమరుతాయని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. వదిన ఒక్కో వైపుకూ ఆచితూచి రంగు పూసింది. తప్పు పూస్తే మళ్లీ చెరపలేరు.

మైక్రోస్కోపులో చూస్తే, క్యాన్సర్ ఒక్క నీలం రంగు దాకానే పాకింది. నీలం అంటే చంక వైపు. మరిది అక్కడ మాత్రమే మరికాస్త తీసి పంపాడు. ఈసారి దారం డబ్బా మూతలోంచి బయటికొచ్చి నేల మీద పాకుతోంది.

వదిన ఆ ముక్క కొత్త అంచును ఒకటికి రెండుసార్లు చూసి ఫోన్ చేసింది.

"శుభ్రంగా ఉంది. ఆవిడకి ఇంకేమీ కోయక్కర్లేదు."

అవతల ముక్కు చీదిన చప్పుడు. వదిన కళ్లూ నిండాయి.

"వదినా..."

"చెప్పు."

"ఆ దారం మరీ అంత వేలాడుతోందే, కాస్త..."

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా. ముందు పోయి ఆవిడకి చెప్పు."