గ్లాసులు ఎవరు పేరుస్తారు?

"ఆటేమైనా తట్టిందా?" అన్నాడు భర్త పేపర్లోంచి తల ఎత్తకుండానే. చీపురు కుర్చీ దగ్గరికి రాగానే మాత్రం కాళ్ళు రెండూ పైకెత్తాడు. ఆ ఎత్తడంలో పదకొండేళ్ళ సాధన ఉంది. చీపురు చప్పుడుకి లేస్తాయి, అది దాటగానే దిగుతాయి. బడిపిల్లలు చేసే రోబోలు కూడా ఇంత నమ్మకంగా పనిచెయ్యవు.

"త్వరగా కానీ అమ్మాయ్, పాపం వాడు ఎంతసేపని కాళ్ళు ఎత్తుకుని కూర్చుంటాడు?" అంది అత్తగారు సోఫాలోంచి.

భార్యాభర్తలిద్దరూ ఒకే బడిలో పనిచేస్తున్నారు. అతను పై తరగతులకు ఫిజిక్స్ చెబుతాడు, ఆమె మూడో తరగతి టీచరు. ఏటా చుట్టుపక్కల బళ్ళ పిల్లలు తాము చేసిన రోబోలతో పోటీకి వస్తారు. దానికి అతనే కన్వీనర్. ఏ ఏటికి ఆ ఏడు కొత్త ఆట కావాలి. ఆరేళ్ళుగా ఆ ఆటలన్నీ ఆమె బుర్రలోంచే వస్తున్నాయి, అదీ చేతులు వేరే పనిలో ఉన్నప్పుడు. ఒకసారి ఆరేసిన బట్టలు పరుగు మీద తీస్తుంటే వాన ఆట తట్టింది. ఎప్పుడు మోగుతుందో తెలియని గంట మోగగానే రోబో తీగ మీది చేతిరుమాళ్ళన్నీ బుట్టలో వేసుకోవాలి, ఒక్కటీ నేల తాకకూడదు. మరోసారి కునుకు తీస్తున్న అత్తగారి మంచం కిందనుంచి పెట్టె లాగుతూ 'పిల్లి లేవకూడదు' అనే ఆట కనిపెట్టింది. బొమ్మపిల్లి పక్కనున్న ఊలు ఉండని చప్పుడు చెయ్యకుండా తేవాలి, చప్పుడైతే పిల్లి కళ్ళు ఎర్రగా వెలుగుతాయి. పిల్లలు పడీపడీ నవ్వారు. "స్నానం చేస్తుంటే తట్టిందండీ" అని కమిటీకి చెప్పుకున్నాడు అతను. నిబంధనల పుస్తకం మొదటి పేజీలో 'ఆట రూపకల్పన: కన్వీనర్' అని వేశారు. చివరి పేజీ అడుగున 'సహకారం: కన్వీనర్ గారి శ్రీమతి' అని వేశారు. మొదటిసారి అది చూసి ఆమె మురిసిపోయింది కూడా. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

సహకారమంటే ఏమిటో ఆమె మోకాళ్ళకు తెలుసు. ఒక జట్టు ఆడి వెళ్ళాక చెల్లాచెదురైన వస్తువులన్నీ మళ్ళీ గుర్తుల మీద పెట్టాలి, నిమిషంలో, తరువాతి జట్టు వచ్చేలోగా. మొదటి ఏడాది మనిషి లేడని ఒక్కపూట కూర్చుంది. ఆ ఒక్కపూట ఆరేళ్ళయింది. రోజుకి ముప్పై ఆరు ఆటలు. గెలిచినవాళ్ళకి చప్పట్లు కొడుతున్నప్పుడు ఆమె ఎప్పుడూ నేల మీదే ఉంటుంది, జనానికి వీపు పెట్టి. ఇంట్లోనూ అంతే కదా అనుకుంది చీపురు మూలన పెడుతూ. పొద్దున లేచేసరికి ఇల్లు ఇల్లులా ఉంటుంది, గ్లాసు గ్లాసు చోటే ఉంటుంది. దానంతటదే వెళ్ళి కూర్చుందనుకుంటారు కాబోలు.

అక్కడే తట్టింది ఆట.

"తట్టిందండీ" అంది. "రోబో టీ బల్ల సర్దాలి. అతిథులకి కప్పులు అందించాలి, తరవాత ఎక్కడివక్కడ పెట్టెయ్యాలి. మధ్యలో కీ ఇచ్చిన బాతుబొమ్మ తిరుగుతూ సర్దినవన్నీ చెదరగొడుతుంటుంది. అల్లరి చేసిందని బాతుని తోస్తే మార్కులు పోతాయి. గంట కొట్టినంత మాత్రాన ఆట అయిపోదు. తరవాతి జట్టు లీడరు వచ్చి చూసి 'మాకు సిద్ధంగా ఉంది' అంటేనే మార్కులు."

అతను నవ్వాడు. "సర్దడం కూడా ఒక ఆటేనా? చూసేవాళ్ళకి ఏం కనిపిస్తుందోయ్? ఏదైనా కూలాలి, జనం హో అనాలి." అరగంటలో తనే ఒకటి తేల్చేశాడు. అరవై ప్లాస్టిక్ గ్లాసులతో కోట కట్టి ఉంటుంది, రోబో దాన్ని కూల్చాలి. "బ్రహ్మాండం" అంది అత్తగారు.

కోట ఎవరు కడతారని ఆమె అడగలేదు. తన ఆటని మాత్రం కూర్చుని నాలుగు పేజీలు రాసింది.

శనివారం పొద్దున బడి హాల్లో కమిటీ ముందు కోటను పరీక్షించారు. మొదటి కోట రాత్రే ఆమె చేత కట్టించి ఉంచాడు. బడి పిల్లల రోబో ఒకటి తొమ్మిది సెకన్లలో కూల్చేసింది. హెడ్‌మాస్టారు, లెక్కల మాస్టారు, డ్రిల్లు మాస్టారు హో అన్నారు. "ఇంకోసారి" అన్నారు. తరువాత ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. భర్త తిరగను కూడా లేదు, ఆమె అప్పటికే నేల మీద కూర్చుందనుకున్నాడు.

ఆమె కుర్చీలో ఉంది. కాగితాలు ఒళ్ళో ఉన్నాయి. లేవలేదు.

"ఈ ఏడాది నేను పేర్చనండీ" అంది. "నిబంధనల్లో ఎవరు పేర్చాలని రాశారో చూడండి."

చూశారు. పద్నాలుగు పేజీలు. ఎలా కూల్చాలో ఉంది, ఎంత దూరం నుంచి కూల్చాలో ఉంది, కూల్చడంలో ఏది తప్పో ఉంది. కట్టడం గురించి ఒక్క ముక్క లేదు. ఆరేళ్ళ పుస్తకాల్లోనూ లేదు, ఎవరికీ ఆ లోటు తెలియనూ లేదు.

"ఇదెంత పని" అని నలుగురూ వంగారు. డ్రిల్లు మాస్టారి మోచెయ్యి తగిలి ఒకసారి, భర్త తుమ్మి ఒకసారి కోట కూలింది. పదకొండు నిమిషాలు పట్టింది. లెక్కల మాస్టారు నడుం పట్టుకుని లేస్తూ, "ముప్పై ఆరు ఆటలకి ఆరున్నర గంటలపైనే, ఉత్త పేర్చడానికే" అన్నారు.

"మీ ఆవిడకి చెప్పవయ్యా" అన్నారు హెడ్‌మాస్టారు.

భర్త దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నలుగురిలో నా పరువు తియ్యకు. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"ఇంట్లో మాట్లాడానండీ. మీరు నవ్వారు" అంది, గొంతు తగ్గించకుండా. కాగితాలు హెడ్‌మాస్టారి చేతికిచ్చింది.

ఆయన మొదట నిలబడే చదివారు, తరవాత కూర్చున్నారు. బాతు దగ్గర నవ్వారు. తరువాతి జట్టు 'సిద్ధం' అనాలన్న చోట ఆగి, నేల మీది గ్లాసుల వంక చూశారు. "ఇదే ఆడిద్దాం" అన్నారు.

"మేమిద్దరం అనుకున్నదేనండీ" అన్నాడు భర్త వెంటనే.

"నేను అనుకున్నాను. ఈయన వద్దన్నారు" అంది ఆమె. కలం అడిగి తీసుకుని, ఆ కాగితాల మొదటి పేజీ మీద రూపకల్పన అన్నచోట తన పేరు రాసింది. చివరి అక్షరం వంకర పోయింది. దిద్దలేదు.

సాయంత్రం ఇంట్లో అతను పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అత్తగారు గోడ చూస్తూ కూర్చుంది. ఆమె చీపురు పట్టుకుని రోజూలాగే మూల నుంచి మొదలుపెట్టి కుర్చీ దాకా వచ్చింది. చప్పుడు దగ్గర పడగానే కాళ్ళు రెండూ గాల్లోకి లేచాయి. ఆమె కుర్చీ కింద ఊడవలేదు. చీపురు అతని పేపరు పక్కన, చేతికందేలా ఆనించింది.

"కాళ్ళు ఎత్తితే చాలదండీ, లేవండి."