రెండో భాగం లేని సినిమా

సినిమా అయిపోయిందంటే ఆ హాల్లో ఒక్కరూ నమ్మలేదు.

తెర మీద అత్తగారు ఆసుపత్రి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. కడుపులో బిడ్డ పోయి పడుకున్న కోడలి కోసం ఎవరో తెచ్చిన బ్రెడ్డు పొట్లం విప్పి, ఒక్కో ముక్కే పాలలో ముంచుకుని మొత్తం తానే తినేసింది. ఒళ్ళో పడ్డ పొడి దులుపుకుని, "బస్సులో నిలబడే వచ్చినాను, కాళ్ళు పీకుతాండాయి" అని విసుక్కుంది. కోడలు గోడ వైపు తిరిగింది. తెర నల్లబడింది. పేర్లు పడ్డాయి, పేర్లూ అయిపోయాయి. చాపల మీద జనం మాత్రం కదల్లేదు.

"ఉండండప్పా, ఉండండి. రెండో భాగం ఉండాది," అంటూ సంఘపెద్ద శామ్సన్ లేచి, లాప్‌టాప్ ముందు వంగి పెన్‌డ్రైవ్‌లో వెతకడం మొదలుపెట్టాడు.

పాపం, అతని తప్పేమీ లేదు. బొమ్మనహళ్ళిలో పెయింటు దుకాణం పైనున్న ఆ తెలుగు క్రైస్తవ సంఘంలో నెలకోసారి ప్రేమవిందు జరుగుతుంది. అందరూ కూర్చుని అన్నాలు తిన్నాక కిటికీలకు దుప్పట్లు కట్టి ఒక సినిమా వేస్తారు. ఇన్నేళ్ళుగా వేసిన సినిమాలన్నిటిదీ ఒకటే నడక. మొదటి భాగంలో తాగుబోతు పెళ్ళాన్ని తంతాడు, లేకపోతే జూదగాడు బిడ్డ చెవిపోగులు అమ్ముతాడు. రెండో భాగంలో ఏదో దెబ్బ తగిలి మోకాళ్ళ మీద పడి ఏడుస్తాడు. ఆ ఏడుపు అందుకోగానే శామ్సన్ కంజీర వాయిస్తాడు, పాట లేస్తుంది, "మీలో ఎవరైనా ముందుకొస్తారా?" అని పిలుపు ఇస్తాడు. ఎవరో ఒకరు కళ్ళు తుడుచుకుంటూ ముందుకు పోతారు. ఈ రోజు కూడా కంజీర అతని చంకలో సిద్ధంగానే ఉంది. ఏడ్చేవాళ్ళే దొరకలేదు.

మేరమ్మ ముందు వరసలో, పెద్దవాళ్ళకు వేసే కుర్చీలో, వీపు ఆనించకుండా కూర్చుని ఉంది. సంఘంలో స్త్రీల కూడికకు ఆమే పెద్ద. ఎవరింట్లో బిడ్డ పుట్టినా నూనె రాసి ప్రార్థన చేసేది ఆమే, ఎవరింట్లో మొగుడూ పెళ్ళాలు తన్నుకున్నా పోయి తలుపు కొట్టేది ఆమే. ఆ పరువంతా ఇప్పుడు ఒక్క చూపు దూరంలో ఉంది. వెనకనుంచి ఏ ఒక్కరైనా తెర మీది అత్తనూ ఈ కుర్చీలోని అత్తనూ కలిపి చూస్తే చాలు.

ఎందుకంటే ఆ స్టూలు ఆమెకు తెలుసు. ఆ మంచం తెలుసు. తిన్నదీ ఆమే. సినిమా తీసినది ఆమె కోడలు ప్రిస్కిల్లా.

రెండు వారాల కిందట ప్రిస్కిల్లా లాప్‌టాప్ తెరిచి పెట్టి స్నానానికి పోయినప్పుడు ఈ సినిమా మేరమ్మ కంట పడింది. కోడలు తల తుడుచుకుంటూ బయటికి రాగానే నిలబెట్టి అడిగింది.

"ఎవరే ఆయమ్మ?"

"కథలో ఒకావిడ అత్తయ్యా."

"కథలో ఆయమ్మ కోడలి రూములో ఫ్యాను ఆర్పేస్తాండాది. కోడలి టిఫిన్ డబ్బాలో గుడ్డు తీసేసి కొడుకు డబ్బాలో వేస్తాండాది. నేను చేసేవన్నీ చేస్తాండాది, నా చీర ఒకటే తక్కువ."

"మీరే ఒప్పుకుంటున్నారు, నేనేం అనలేదు."

"నోరు మూసుకో. ఇదేం సినిమానే? ఇంటికి పిలిచి ఒక లోటా కాఫీ పోద్దామనిపించే మనిషి ఒక్కరన్నా ఉండారా దాంట్లో? అత్త పీనాశి. కొడుకు చవట. కోడలు ఏమన్నా మంచిదా అంటే అదీ లేదు, అత్త మందు మాత్రలు దాచిపెట్టి ఆయమ్మ వెతుక్కుంటుంటే చూస్తా కూర్చుంటాది."

"అది కూడా నిజమే కదా," అంది ప్రిస్కిల్లా, దువ్వెనలో వెంట్రుకలు తీస్తూ.

మాత్రల సంగతి నిజమని మేరమ్మకు అంతవరకు తెలియదు.

ఆ రోజు తరువాత ఇంట్లో మాటలు ఉప్పు, నీళ్ళు, తలుపు తాళం వరకే. సంఘంలో చూపించనని ప్రిస్కిల్లా మాట మాత్రం ఇచ్చింది. చివరికి చూపించింది మేరమ్మ కొడుకు దానియేలు. పెళ్ళాం సినిమా తీసిందని అతనికి మహా గర్వం, ఆ సినిమాలో ఏముందో కూర్చుని చూసే తీరిక మాత్రం లేదు. పెన్‌డ్రైవ్ తెచ్చి శామ్సన్ చేతిలో పెట్టి, కుందలహళ్ళిలో షిఫ్టుందని పోయాడు. విస్తళ్ళు ఎత్తేటప్పుడు శామ్సన్ గట్టిగా ప్రకటించాడు, "ఈ రోజు మన పాప తీసిన సినిమా!" మేరమ్మ వెనక్కి తిరిగి కోడలి వైపు చూసింది. ఆపాలనుకుంటే ప్రిస్కిల్లా ఆపగలదు. ఆమె తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది గానీ నోరు తెరవలేదు.

"పాపా, రెండో భాగం యాడ పెట్టినావు? కనిపించలేదే," అన్నాడు శామ్సన్ లాప్‌టాప్ మీదనుంచి తలెత్తి.

"రెండో భాగం లేదు అంకుల్. సినిమా అంతే."

"అంతే అంటే? ఆయమ్మ మారేది యాడ?"

"మారదు."

చాపల మీద గుసగుస లేచింది. స్త్రీల కూడికలో మేరమ్మ తరువాతి మనిషి పాపక్క. మేరమ్మ కుర్చీ మీద ఆమెకు ఎప్పటినుంచో కన్నుంది. ఆమె చాప మీదనుంచే గొంతెత్తింది.

"మారకపోతే ఎందుకు తీసినావమ్మా? అట్లాంటోళ్ళను మా వీధిలో రోజూ ఓసిగా, పైసా ఖర్చు లేకుండా, చూస్తానే ఉండాను గదా!"

అందరూ నవ్వారు.

"నవ్వులకు కాదప్పా," అన్నాడు శామ్సన్. "సినిమా చూసి ఇంటికి పోతే మనిషికి కొంచెం ధైర్యం రావాల. ఇది చూస్తే తిన్న బిర్యానీ అరగదు."

"ఒక్కరు కూడా లేచి వెళ్ళలేదు కదా అంకుల్. పోయిన నెల సినిమాకి సగంమంది నిద్రపోయారు, మీరు కూడా."

"నిద్రపోయినా మంచి మాట చెవిలో పడినాది!"

"సరే అదట్ల పోనీ," అంది పాపక్క. "బిడ్డ పోయిన పిల్ల ముందర కూర్చుని తింటే గొంతులో దిగుతుందా ఏ ఆడదానికైనా? రాక్షసికి కూడా దిగదు. అంతా అబద్ధం."

దిగింది, అనుకుంది మేరమ్మ. ఆ రోజు చందాపుర నుంచి పొద్దున్నే బయలుదేరి, పచ్చి మంచినీళ్ళయినా తాగకుండా రెండు బస్సులు మారి వచ్చింది. దిగక ఏమవుతుంది? ఆ పొద్దు సంగతి సినిమాలో ఎక్కడా లేదు. కోడలు ఎందుకు చూపిస్తుంది?

శామ్సన్ కంజీర బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు. మనసులో ఏదో వెలిగిన ముఖం పెట్టాడు.

"ఇట్ల చేద్దాం. క్రిస్మస్ కూడికకు చందాపుర సంఘం వాళ్ళు కూడా వస్తారు. మన పాప సినిమానే వేద్దాం. ఊరికే చివర్లో రెండు నిమిషాలు కలిపేద్దాం. ఆయమ్మ మంచం పక్కన మోకరించి ఏడ్చేది."

"ఆవిడ ఊళ్ళో లేరు. వేషం వేసిన ఆవిడ," అంది ప్రిస్కిల్లా.

"ముకం ఎందుకు? వెనకనుంచి తీయి, తెల్ల కొప్పు కనిపిస్తే సాలు. ఒడ్డూ పొడుగూ అదే మాదిరి మన మేరక్క ఉండాది గదా!"

హాలంతా చప్పట్లు కొట్టింది. "అవునప్పా, మేరక్క ప్రార్థన చేస్తే రాళ్ళు కూడా ఏడుస్తాయి" అన్నారు ఎవరో. అన్ని ముఖాలూ కుర్చీ వైపు తిరిగాయి. వాటిల్లో అనుమానం లేదు, ప్రేమే ఉంది. ఇంతకన్నా భద్రమైన చోటు మేరమ్మకు ఎక్కడుంది? రెండు నిమిషాలు మోకరిస్తే ఇక ఏ నాటికీ ఎవరూ అనుమానించరు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఊరంతా ఇంకెటో చూస్తుంది.

ఆమె తలుపు వైపు చూసింది.

"అత్తయ్య ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు," అంది ప్రిస్కిల్లా. గొంతు మర్యాదగానే ఉంది. కళ్ళు మాత్రం రెప్ప వేయకుండా అత్త ముఖం మీదే ఉన్నాయి. సినిమా పాడైపోయినా సరే, ఈ మనిషి నా ముందు ఒక్కసారి మోకాళ్ళ మీద పడితే చూడాలని ఆ కళ్ళు అడుగుతున్నాయి. వేషమైనా పరవాలేదు.

మేరమ్మ లేచి నిలబడింది.

"ఆయమ్మ మోకరించదు."

"యాక్టింగే గదక్కా."

"యాక్టింగైనా చేయదు. ఆకలైంది, తినింది. దానికి ఏడ్చేదేముండాది?"

పాపక్క చాప మీద ముందుకు జరిగింది.

"ఆకలైందని నీకెట్ల తెలుసు వదినా? సినిమాలో ఆ మాట చెప్పలేదే."

ఇంకా తప్పించుకోవచ్చు. ఏదో అనుకున్నానులే అంటే సరిపోతుంది. మేరమ్మ కొంగు సర్దుకుంది. పాపక్క ముఖంలోకి సూటిగా చూసింది.

"చెప్పలేదు. చెప్పనిదే బాగుండాది. చెప్పింటే మీరంతా కూర్చోని అయ్యో, అయ్యో అనేవాళ్ళు. మీ అయ్యో ఎవరికి కావాల? ఆయమ్మ మీ ఇంటికొచ్చి కాఫీ అడగలేదు. తినింది, చూసినారు. సాలు. సినిమా అంతే."

పాపక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు వెనక ఉన్నది నవ్వో మరొకటో తెలియలేదు. వెనక వరసల్లో తలలు ఒకదానివైపు ఒకటి వంగాయి. శామ్సన్ కంజీర తీసుకోబోయి మళ్ళీ బల్ల మీదే వదిలేశాడు.

"దుప్పట్లు ఇప్పండప్పా, ఊపిరాడలేదు," అంది మేరమ్మ.

మెట్లు దిగేటప్పుడు ఆమెకు వందనాలు చెప్పినవాళ్ళు లేరు. ఆ బుధవారం స్త్రీల కూడిక పాపక్క ఇంట్లో జరిగింది. ఆ సంగతి మేరమ్మకు పూలమ్మే ఆమె చెప్పింది.

ఆ సాయంత్రం మేరమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ప్రిస్కిల్లా వచ్చి గడప అవతలే నిలబడింది.

"కూడిక సంగతి విన్నాను అత్తయ్యా."

"వినింటావు. సంతోషమా?"

"కొంచెం," అంది ప్రిస్కిల్లా. "నా సినిమా చెడిపోకుండా ఆపారు. అందుకు థాంక్స్."

"నీ థాంక్సు నీ దగ్గరే పెట్టుకో. నీ కోసం ఆపలేదు."

"తెలుసు. సినిమా ఎలా ఉందో చెప్పండి చాలు."

"నాకు ఆ ఆడది నచ్చలేదు."

"అది కాదు నేనడిగింది."

మేరమ్మ ఒక చిక్కుడుకాయ నార తీసి, గింజలు గిన్నెలో రాల్చి, తొక్క పక్కన పడేసింది. మరొకటి తీసుకుంది.

"అది బ్రెడ్డు కాదు. బన్ను. చెర్రీ ముక్కలుండే బన్ను."

"గుర్తుంది. తెచ్చింది పాపక్క ఆంటీ. బన్ను చూపిస్తే ఆవిడకి చూడగానే తెలిసిపోతుందని బ్రెడ్డు చేశాను."

మేరమ్మ చేయి ఆగింది. తల ఎత్తి కోడలిని చూసింది.

"ఎవరు మార్చమన్నారు నిన్ను?"

మేరమ్మ గిన్నె పక్కకు పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి, కోడలిని రాసుకుంటూ గడప దాటింది. పోతూ పోతూ కోడలి గదిలోకి చేయి పెట్టి ఫ్యాను ఆర్పేసింది.

ప్రిస్కిల్లా పోయి మళ్ళీ వేసింది.