చుక్కలో ఇసుక

త్రినాధరావు మాస్టారికి బెల్లం కొట్టంటేనే ఒళ్ళు జలదరించేది. ఈగలు, జిగురు, గోడ పొడవునా కిళ్ళీ ఉమ్ములు. ఛీ, మనుషులు కూర్చునే చోటేనా అది! అయినా, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు ఒక సాయంత్రం, ముక్కు మూసుకుని వెళ్ళాడు. షావుకారు సూర్యనారాయణమూర్తి తన కూతురు రామతులసి చేత ఫోర్త్ ఫారంతోనే చదువు మాన్పించేస్తానంటున్నాడు. అంత చురుకైన పిల్లను మాస్టారు తన సర్వీసులో చూడలేదు.

“సరే మాస్టారూ, బళ్ళో ఏటి నేర్పేరో తులసిని మావోళ్ళ ముందర సెప్పమనండి. నచ్చితే పంపుతాను,” అన్నాడు షావుకారు.

నచ్చడమట! చదువేమైనా వంకాయ కూరా?

తండ్రి పిలిపించగా వచ్చి, వర్తకుల మధ్య నిలబడి రామతులసి బెదురు లేకుండా మొదలుపెట్టింది.

“పొయ్యి మండినంతసేపూ పెనంలో పాకం పొంగుతాది. మంట ఆరితే కుంగిపోతాది. ఆకాశంలో పెద్ద సుక్కా అంతే. లోపల మంట ఆరిపోతే తన బరువుకి తనే కూలిపోతాది. పైనున్నదంతా పేలి ఎగిరిపోతాది. మిగిలిన ముద్ద ఇక్కణ్ణించి ఎలమంచిలి ఎంత దూరమో అంతే వెడల్పుంటాది, బరువు మాత్రం సూర్యుడి కన్నా ఎక్కువ. ఇంకా ఎవరూ సూళ్ళేదు. సైంటిస్టులు లెక్కగట్టి సెప్పేరు.”

బెల్లం ముద్దను అరచేతిలో ఎత్తి చూసి సరుకు తేల్చడం ఆ వర్తకుల అలవాటు. చిన్న ముద్ద మరీ బరువుగా ఉంటే రైతు మోసం చేశాడన్నమాట. షావుకారు ఖాళీ అరచెయ్యి పైకీ కిందికీ ఆడించాడు.

“సిన్నముద్ద, పెద్ద బరువు! ఇసక కలిపేరు!”

కొట్టంతా పగలబడి నవ్వింది. ఒకడు నవ్వుతూనే మాస్టారి చెప్పుల పక్కన తుపుక్కున ఉమ్మాడు. మాస్టారు పాదం వెనక్కి లాక్కున్నాడు.

“ఇసుక కాదండీ, లోపలి ఖాళీ అంతా నలిగిపోయి…”

“ఊరుకోండి మాస్టారూ! ఇలాంటి సరుకు మేం రోజూ సూత్తాం. తులసీ, అబద్ధమని ఒప్పేసుకో. రేపణ్ణించి బడికెళ్దువు గాని.”

“నిజమే నాన్నా.”

“అయితే ఇంట్లో కూకో.”

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“అబద్ధమని చెప్పేయమ్మా,” అన్నాడు మాస్టారు మెల్లగా. “ఒక్క మాటే కదా.”

రామతులసి ఆయన్ని రెప్పవేయకుండా చూసింది.

“అబద్ధమే నాన్నా,” అంది.

మర్నాడు బడికి వచ్చింది. మాస్టారు పాఠం మొదలుపెట్టగానే లేచి నిలబడింది.

“ఇది నిజమేనాండి మాస్టారూ? ఎవరైనా అడిగితే ఇదీ కాదనాలా?”

మాస్టారు తన మీద తనకే రోత పుట్టి, ఆ పిల్ల ముఖంలోకి చూడలేకపోయాడు.