పాత ఫోన్లో తెరుచుకోని పేజీ

నాంపల్లిలోని కంటి దవాఖానకు జిప్పోరా చేసిచ్చిన వెబ్‌సైటు సాదాసీదాగా ఉండేది. డాక్టరు పేరు నొక్కితే ఖాళీ సమయాలు కనిపించేవి. వాటిలో ఒకటి నొక్కితే అపాయింట్‌మెంట్ ఖాయం. పేజీ సర్వర్ దగ్గరే తయారై వచ్చేది కాబట్టి ఎంత పాత ఫోన్లోనైనా ఇట్టే తెరుచుకునేది.

ఆబిడ్స్‌లో జిప్పోరా పనిచేసే ఆఫీసుకు కొత్తగా వచ్చిన టీమ్ లీడర్ రవికిరణ్‌కు అది నచ్చలేదు. "గిదేంది, ఎప్పటిదో పాత సైటు లెక్కుంది," అన్నాడు. పెద్ద జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ తెచ్చి మొత్తం తిరగరాయించాడు. ఇప్పుడు ఫోనే బండెడు కోడ్ దించుకుని, పేజీని తానే కట్టుకోవాలి.

"పాత ఫోన్లు గంత బరువు మొయ్యలేవు సార్. జర చిన్న ఫోన్ల తెరిచి చూడుండ్రి," అంది జిప్పోరా.

రవికిరణ్ తన ఖరీదైన ఫోన్లోనే తెరిచి చూపించాడు. బొమ్మలు నున్నగా జారుతూ వచ్చాయి. దవాఖాన ట్రస్టువాళ్ళు చప్పట్లు కొట్టారు.

నెల తిరక్కముందే జిప్పోరా తన తల్లి మేరమ్మను అదే దవాఖానకు కంటి పరీక్షకు తీసుకెళ్ళింది. కౌంటర్ దగ్గర ఒక ముసలామె ఫోన్ను కళ్ళకు ఆనించుకుని నిలబడి ఉంది. పేరు బుజ్జమ్మ. మెదక్ నుంచి బస్సెక్కి వచ్చింది. ఫోన్లో బుక్ చేసుకుంటేనే లోపలికి పంపుతామన్నారట.

జిప్పోరా ఆ ఫోన్ తీసుకుని చూసింది. తెల్లటి తెర, మధ్యలో తిరుగుతున్న చక్రం.

"ఇంతకుముందు వచ్చేది బిడ్డా. నాకే కండ్లు మంచిగ కానొస్తలేవు. యాడ తప్పు నొక్కుతున్ననో ఏమో," అంది బుజ్జమ్మ.

"తప్పు నీది గాదమ్మా," అంది జిప్పోరా. తన ఫోన్లో అపాయింట్‌మెంట్ చేసి, తన నంబరు కూడా ఇచ్చింది.

ఆఫీసుకు రాగానే యజమాని శ్యామ్‌సుందర్‌కు జరిగింది చెప్పి, పాత పేజీనే మళ్ళీ పెడదామంది.

"ఒక్క కంప్లైంట్ గూడ రాలేదమ్మా," అన్నాడాయన.

"కంప్లైంట్ రాసేది గూడ ఆ పేజీలనే సార్. అదే తెరుసుకోకపోతే ఎట్లొస్తది?"

శ్యామ్‌సుందర్ ఒప్పుకోలేదు. "పాతది పెడితే, మరి కొత్తదెందుకు చేసిన్రని ట్రస్టువాళ్ళు అడుగుతరు. ఇడిసిపెట్టు."

బుజ్జమ్మ జిప్పోరా నంబరు ఊళ్ళో అందరికీ ఇచ్చింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కకు నెట్టి, పేరేంటి, వయసెంత, ఏ కన్ను అని ఫోన్లో అడుగుతూ, ఒక్కొక్కరికీ జిప్పోరానే బుక్ చేస్తోంది.

పక్క గదిలో రవికిరణ్ మరో దవాఖానవాళ్ళకు చెబుతున్నాడు: "మెదక్ దిక్కు నుంచి గూడ బుకింగులు మస్తు పెరిగినయి సార్, చూడుండ్రి."