నాలుగు రీతుల సీత

శరద్గగనమున శుభ్రమేఘశకలములు ఏకిన ప్రత్తివలె చెదరియుండఁగా వాగుగట్టుల రెల్లుపూవులు గాలికి తలలూఁచుచుండఁగా బాలసూర్యకాంతి దొరవారి దివాణపు క్రొత్తగోడలపై పసుపునీళ్ళు చల్లినట్లు ప్రసరించుచుండెను. ఆ గోడలయెదుట నకాశి చిత్రకారుఁడు సాంబయ్య తాను వ్రాసిన నాలుగు పటములను నిలిపి ప్రక్కకు తొలఁగెను. కన్నులు మాత్రము ఇంకను దిద్దలేదు.

నలుగురు చిత్రకారుల రీతుల ననుసరించి ఒక్క సీతనే వ్రాయవలెనని వేంకటాద్రిదొర యానతి. కావున మొదటి పటమున పటకథకుల యెఱ్ఱని నేలపై బొద్దుచెక్కిళ్ళ సీతయు రెండవదాన తోలుబొమ్మలవారి ప్రక్కమొగముతో చుక్కలచీరతో జానకియు మూఁడవదాన అద్దకమువారి వెదురుకలపు సన్నగీతలలో వైదేహియు నాలుగవదాన పట్టణపు తైలచిత్రకారుల వెలుఁగునీడలలో శోకమూర్తియైన మైథిలియు నిలిచియుండిరి. నాల్గింటను మొగ మొక్కటియే. నాల్గింటను ఎడమచెక్కిలిపై మశూచిమచ్చలు.

ఆ మచ్చలు సాంబయ్య భార్య చంద్రవ్వవి. దొర కూఁతురి పెండ్లినాఁడు ఆ మొగము శుభమునకు పనికిరాదని పందిటినుండి యామెను లేపి పసులకొట్టముకడ కూర్చుండఁబెట్టిరి. విస్తరియు నచటనే వేసిరి. మఱుసటి వర్షాకాలమున ఆమె మరణించెను. సాంబయ్య మఱవలేదు. మఱచుటకు యత్నింపనులేదు.

దొర మచ్చలను చూచి గుర్తించెను. నలుగురి చేతులు అరువు తెచ్చుకొన్నవానికి తన చేయి యేదని పరిహసించి, కన్నులు దిద్దకమునుపే ఆ మచ్చలను చెఱిపివేయుమనెను.

"గీతలు నలుగురివి దొరా. మొగము నా యింటిది."

"చెఱుపకున్న ఈ చుట్టుపట్ల ఏ గడపలోను నీకు పని దొరకదు" అని దొర పలికెను.

నకాశివారి యాచారమున కన్నులు దిద్దువఱకే యది పటము. దిద్దినపిమ్మట దేవత. పిదప దానిని చెఱుపుట ప్రాణహత్య. వ్రాసినవాఁడును ముట్టరాదు. ముహూర్తము మధ్యాహ్నమునకు పెట్టిరి. సాంబయ్య ముహూర్తమునకై వేచియుండలేదు. కాటుకరంగున కుంచె ముంచి దొర చూచుచుండఁగనే నాలుగు పటములకును వరుసగా కనుపాపలు దిద్దెను.

అంతలో హారతిపళ్ళెముతో వచ్చిన దొరతల్లి తెఱచిన యా కన్నులను చూచి పళ్ళెము దించి సాగిలపడి మ్రొక్కెను. లేచి కొడుకువంక తిరిగి, "ఏమిరా నిలిచితివి? సీతమ్మతల్లి చూచుచున్నది, మ్రొక్కుము" అనెను.

దొర చేతులు జోడించెను. పందిటికి తగదన్న మొగము నాలుగు రీతుల వానినే చూచుచుండెను.

సాంబయ్య కూలి యడుగలేదు, సెలవు గొనలేదు. పోవుచు పోవుచు పసులకొట్టముకడ నిలిచి, కుంచెయందు మిగిలిన కాటుకను దాని స్తంభమునకు తుడిచెను.