లెక్కల గది బయట

ఎకనామిక్స్ చదవాలంటే ఎకనామిక్స్ ఉన్న గ్రూపులో చేరాలి. ఇందులో అనుమానం ఎవరికైనా వస్తుందా? విజయేందర్‌కి రాలేదు. కార్ఖానా అనే పేటలో బ్యాటరీల దుకాణం నడిపే ఆ పెద్దమనిషి, కూతురు రజిత పదో తరగతి పాసయిందో లేదో, మారేడ్‌పల్లిలో ఉన్న జూనియర్ కాలేజీకి తీసుకెళ్లి సీఈసీలో చేర్పించేశాడు. సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్. లెక్కలు లేవు. అన్నిటికన్నా ఆయనకి నచ్చింది ఆ లేకపోవడమే.

కారణం లేకపోలేదు. పదో తరగతి ప్రీఫైనల్‌లో లెక్కల పేపరు చేతికి రాగానే రజిత కళ్లు తిరిగి బెంచీ మీదే ఒరిగిపోయింది. బడి నుంచి ఫోను వస్తే, షటరు కూడా దించకుండా పరుగెత్తాడు. పిల్లని భుజాన వేసుకుని మెట్లు దిగాడు. అసలు పరీక్షలో రజిత ఎలాగో గట్టెక్కింది. ఆయన మాత్రం ఇంకా గట్టెక్కలేదు. లెక్కలంటే పిల్లకన్నా ఆయనకే ఎక్కువ హడల్.

రజితకి మాత్రం ఎకనామిక్స్ పిచ్చి. వాన పడగానే కార్ఖానా నుంచి స్టేషనుకి యాప్‌లో ఆటో రేటు ఎందుకు రెండింతలవుతుంది, డ్రైవరుకి అందులో ఎంత పోతుంది, యాప్ కంపెనీకి ఎంత మిగులుతుంది అని తండ్రి ప్రాణం తోడేది. డిగ్రీలో ఎకనామిక్సే చదువుతానని, అదీ ఢిల్లీ యూనివర్సిటీలోనే చదువుతానని భీష్మించుకుంది. విజయేందర్ కూడా దుకాణానికి వచ్చినవాళ్లందరికీ ఆ మాట చెప్పుకుని మురిసిపోయాడు.

ఆ మురిపెం మీద నీళ్లు చల్లింది యామిని. పైవాటాలో అద్దెకుంటారు వాళ్లు, రాజమండ్రివాళ్లు. ఆ పిల్ల బీఏ ఎకనామిక్స్ రెండో ఏడు.

"అదేంటండి అంకుల్, సీఈసీలో వేశారా? ఢిల్లీలో ఎకనామిక్స్ ఆనర్స్‌కి ఇంటర్లో లెక్కలు ఉండి తీరాలండి. ఎకనామిక్స్ చదవకపోయినా పర్లేదు. లెక్కలు లేకపోతే మాత్రం ఆ కోర్సు ఇవ్వరండి," అంటూ ఫోనులో ఆ పేజీ తీసి చూపించింది. "ఇక్కడైతే లెక్కలు అడగని కాలేజీలు ఉన్నాయనుకోండి."

ఎకనామిక్స్ లేకపోయినా ఎకనామిక్స్ చదవొచ్చట, లెక్కలు లేకపోతే కుదరదట! ఇదెక్కడి న్యాయం? విజయేందర్ ఆ పేజీని కిందికీ పైకీ జరిపి చూశాడు. ఎన్నిసార్లు జరిపినా అందులో అదే ఉంది. రజిత ఆ పూట అన్నం ముట్టలేదు. తెల్లవారి లేచి ఒకే మాట అంది.

"డాడీ, గ్రూప్ మార్చుకుంట. లెక్కలుండే ఎంఈసీ. ఇయ్యాలే లాస్ట్ డేట్."

కాలేజీలో ప్రిన్సిపల్ పెదవి విరిచాడు. క్లాసులు మొదలై రెండు నెలలైంది, లెక్కల మేడం ఒప్పుకుంటే తనకి అభ్యంతరం లేదన్నాడు. సాయంత్రం నాలుగింటికి ఆఫీసులో జాబితా మూసేస్తారు. లెక్కల మేడం పేరు బ్యూలా. మనిషి సన్నం, మాట కటువు.

"ఐదు లెక్కలిస్తా. మూడు చేస్తే తీసుకుంటా. రాకపోతే నన్ను బతిమాలొద్దు. చేసినా సరే, తండ్రి సంతకం ఉండాలి. రేపు మ్యాథ్స్‌లో తప్పితే మమ్మల్ని అడగొద్దని."

రజిత గదిలోకి వెళ్తూ గుమ్మంలో ఆగింది. "తలుపేస్కోవచ్చా మేడం?" అని అడిగింది. మేడం తలూపింది.

విజయేందర్ వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు. లోపల చప్పుడు లేదు. లోపలి బెంచీ కాస్త జరిగినా గుండె ఝల్లుమంటోంది. పడిపోయిందా? లేదు, మేడం ఎవరికో ఫోనులో మాట్లాడుతోంది. నీళ్ల సీసా పిల్లకి ఇవ్వడం మరిచిపోయాడు, అది తన చేతిలోనే ఉంది. ఇద్దామని లేచాడు. తలుపు దాకా వెళ్లాడు. కొట్టడానికి చెయ్యెత్తి, దించేసి వెనక్కొచ్చాడు.

'దేవుడా, రెండే రావాలె. మూడు రావొద్దు,' అనుకున్నాడు.

అనుకున్నాక ఒళ్లు జలదరించింది. కన్నకూతురు తప్పాలని మొక్కుకునే తండ్రి లోకంలో ఉంటాడా? ఉన్నాడు. నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సిగ్గేసింది. సిగ్గేసినా ఆ మొక్కు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

తలుపు తెరుచుకుంది. బ్యూలా మేడం బయటికొచ్చింది.

"మూడు కరెక్టు. నాలుగోది సగంలో ఆపేసింది. సంతకం పెట్టండి, టైమైపోతోంది."

ఆమె వెనకాల రజిత. మొహంలో నెత్తురు చుక్క లేదు. వీపున చమటకి డ్రెస్సు అతుక్కుపోయింది. అరచేతులు చున్నీకి తుడుచుకుంటోంది. విజయేందర్ కాగితం అందుకున్నాడు, పెన్ను తీశాడు. పెన్ను కాగితానికి ఆనలేదు.

"వద్దు మేడం."

"అదేంటి?"

"జెర దాని మొఖం చూడుండ్రి. సీఈసీలనే ఉండనీయుండ్రి. లెక్కలడగని కాలేజీలు ఈడ సుత ఉన్నయంట. గింత తక్లీఫ్ దేనికి?"

బ్యూలా మేడం గోడ గడియారం వైపు చూసింది. "నాలుగు కావస్తోంది విజయేందర్ గారూ. ఆలోచించుకోవడానికి రేపు లేదు," అని పక్కకి తప్పుకుంది.

రజిత వచ్చి తండ్రి ముందు నిలబడింది.

"డాడీ, నాకు భయం పోలే. పేపర్ చూడంగనే మళ్ల కండ్లు తిరిగినయ్. బెంచి గట్టిగ పట్టుకోని కూసున్న. జెరసేపటికి తగ్గింది, షురూ చేసిన. ఆ భయం ఎన్నడు పోతదో నాకు తెల్వది. ఉంటే ఉండనీ."

"మళ్ల పడిపోతే?"

"నువ్వొచ్చి లేపుతవ్ గద."

దాచుకోవడం ఇక విజయేందర్ వల్ల కాలేదు.

"బిడ్డా, నువ్వు ఫెయిల్ గావాల్నని మొక్కుకున్న. గీడ కూసోని."

"నాకెర్కే," అంది రజిత. "నీ మొఖం చూస్తే ఒక్కటి గూడ చెయ్యకపోతుంటి. గందుకే తలుపేయించిన."

ఆయన కాగితాన్ని గోడకి ఆనించి సంతకం పెట్టాడు. అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కాయి. రజిత కాగితం లాక్కుని ఆఫీసు వైపు పరుగెత్తింది. వెనకాలే వెళ్దామని విజయేందర్ ఒక అడుగు వేశాడు. రెండోది పడలేదు. గోడ పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.